కుడిచేతి వైపు దిబ్బ

గుల్లపేట తీరం గురించి మీకు తెలిసింది రాయండి, ఒక పేజీకి తగ్గకూడదు, గంట టైము, అని నల్లబల్ల మీద రాసి చేతులు దులుపుకున్నాడు తిరుమలరావు. అది పెళ్ళిళ్ళప్పుడు వధూవరుల పేర్లు రాసి గుమ్మంలో నిలబెట్టే బల్ల. ఎవరి పేరు చివరిదో ఒక సున్నా, సుద్దతో వేసిన మామిడాకు ఒకటీ పైన చెరగకుండా మిగిలాయి, వాటి కిందికి వచ్చింది గుల్లపేట. శ్రీకాకుళం ఊరి చివర ఈ కల్యాణమండపం మేడ మీద వాళ్ళ ఆఫీసు. సమదర్శి సర్వే సంస్థ అని పేరు పెద్దదే. నోట్లు రద్దయిన మరుసటి ఏటి ఆషాఢం అది, పెళ్ళిళ్ళు లేక కింద భోజనాల హాలు ఖాళీగా ఉంది, అందుకని ఆరుగురు ఉద్యోగులనీ కిందికి దింపి ఇనుపకాళ్ళ బల్లల ముందు కూర్చోబెట్టారు. ఫోన్లన్నీ పప్పు వడ్డించే స్టీలు బేసిన్‌లో వేయించుకున్నారు. ఒక్కొక్కళ్ళకి రెండు తెల్లకాగితాలు, మధ్యలో ఒక కార్బన్. పైది మాకు, కిందిది మీకు, పక్కవాళ్ళు చదివి సాక్షి సంతకం పెట్టాలి, మేం మార్చామని రేపెవరూ అనకూడదు కదా, అన్నాడాయన తన నిజాయితీకి తనే మురిసిపోతూ. బల్ల మీద ఎండిపోయిన సాంబారు మరక ఉంది. యమున ఆ మరక మీదే కాగితాలు పరుచుకుంది. గుల్లపేట గురించి తనకి తెలిసింది రాయాలట. ఆ ప్రశ్న చూడగానే అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకి, ఎందుకంటే ఈ గదిలో ఆ పేట గురించి అందరికన్నా ఎక్కువ రాసింది తనే, అందరికన్నా తక్కువ తెలిసిందీ తనకే.

ఇదంతా ఒక ఉత్తరం తెచ్చిన తంటా. మూడు వారాల కిందట ఒక పత్రిక జిల్లా పేజీలో పడింది ఆ ఉత్తరం. గుల్లపేట ఒడ్డున రేవు కడతారట, రేవు వెనక గోదాములు కడతారట, పేటవాళ్ళు ఏమంటారో అడిగి రాసుకు రమ్మని ఆ కంపెనీ సమదర్శికి పని అప్పగించింది. నూట పన్నెండు మంది మాకేం అభ్యంతరం లేదన్నారని సమదర్శి రిపోర్టు ఇచ్చింది. ఏ మనిషి చేత ఏమనిపించాలో వీళ్ళు ముందే పట్టిక వేసుకున్నారు, పట్టిక మీద తారీఖు సర్వేకి ఇరవై రోజుల ముందుది, మీరే చూసుకోండి అని రాసి, పట్టిక నకలు జతచేసి, పేరు లేకుండా ఎవరో పత్రికకి పంపారు. ఆకాశరామన్న ఉత్తరం. పట్టిక అబద్ధమని ఆఫీసులో ఒక్కళ్ళూ అనలేదు, ఆకాశరామన్న ఎవరన్నదే అందరి బాధా. మేనేజరు ఉమాశంకర్ రెండు రోజులు అన్నం మానేసి, మూడో రోజు హైదరాబాదులో ఉన్న ఈ తిరుమలరావుకి కబురు పెట్టాడు. ఈయన రాత చూసి మనిషిని చెబుతాడట. టైపు చేసిందైనా సరే, అక్షరాలతో పని లేదు, దేన్ని ముందు చెబుతాడు, ఎక్కడ ఆగుతాడు, ఏ సంగతి దగ్గర నిలబడి చూస్తాడు, అది మనిషి నడకలాంటిది, ఎంత దాచినా దొరుకుతుందట. నిన్న ఆయన మొదటి నివేదిక టైపుకిచ్చింది ఎవరికి, యమునకే. నమ్మకస్తురాలు కదా. ఆయన వాక్యాల్లో తప్పులు దిద్ది మరీ టైపు చేసి ఇచ్చింది. "రచయిత తీరాన్ని సముద్రం మీద నుంచి చూసినట్టు వర్ణించాడు. దిబ్బ కుడిచేతి వైపు, ఏటిమొగ ఎడమచేతి వైపు అన్నాడు. రోడ్డు మీద వచ్చిన మనిషికి ఇవి తారుమారుగా కనబడతాయి. కనుక ఇతడు చేపల వేటకు వెళ్ళే కుటుంబంలో పుట్టినవాడు. రాతలో కోపం నిండుగా ఉంది. ఆడవారి రాతలో ఇంత కోపం కనబడదు. కనుక పురుషుడు." ఆ తర్వాత పోలీసు ఫిర్యాదు కూడా టైపు చేయించారు, ఆఫీసు కాగితాలు దొంగిలించిన నేరం మీద. పేరు దగ్గర చుక్కలు పెట్టి ఖాళీ వదలమన్నారు, వదిలింది. ఆఫీసులో వేటకి వెళ్ళే కుటుంబంలో పుట్టిన మగవాడు ఒక్కడే ఉన్నాడు.

ఆ ఒక్కడూ పక్క బల్ల మీద తల వంచి రాసుకుపోతున్నాడు. అప్పలసూరి గుల్లపేటవాడు, పేటలో డిగ్రీ దాకా వెళ్ళిన మొదటివాడు, ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసుకొచ్చే కాంట్రాక్టు ఉద్యోగం. పొద్దున మెట్లు దిగుతూ, "ఏటక్కా, మనకీ పరీచ్చలెట్టేస్తన్నారు. మా ఊరు కోసమే గదా, నాకు నూటికి నూరు వొచ్చేస్తాయి సూడు" అన్నాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు తన చెంప తనే వాయించుకోవాలని ఉంది. రోడ్డు మీంచి చూసినట్టు రాయరా అని అక్కడే ఒక్క ముక్క చెవిలో వేస్తే సరిపోయేది. వేస్తే, నీకెలగ తెలుసక్కా అంటాడు, ఆ మాటకి జడిసి నవ్వేసింది. వాడు రాసేది ఇక్కణ్ణించి కనబడుతోంది. లావుపాటి అక్షరాలు, కార్బన్ కిందికి దిగేలా నొక్కి రాస్తాడు. వేట నుండి తిరిగి వచ్చునప్పుడు మొదట కనబడేది దిబ్బ, అది కుడిచేతి వైపు ఉండును. రాసెయ్యి నాయనా, రాసెయ్యి, నీ మెడకి తాడు నువ్వే పేనుకో, అంత ముచ్చటగా ఎవరు రాయమన్నారు నిన్ను. వినోద్‌ని చూడు, సర్వే నంబర్లు వేసుకుని పేజీ నింపేస్తున్నాడు. పద్మకుమారిని చూడు, కిటికీకేసి చూస్తూ సూర్యోదయం మీద వ్యాసం రాసుకుంటోంది. వాళ్ళకేం కాదు. ఆ ఊరు నీకొక్కడికే నిజంగా తెలుసు, అదే నీ కొంప ముంచుతోంది. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక ఆమె వాడి మీద చూపిస్తోంది, వంచిన ఆ మెడ మీద, ఎండకి రంగు వెలిసిన ఆ కాలరు మీద. వాడు మాత్రం రెండో పేరా మొదలుపెట్టాడు.

కాగితాలు సర్దుతుంటే కార్బన్ బొటనవేలికి అంటింది. కొంగుతో తుడిచినా ఆ నీలం పోలేదు. వేలిముద్రల సిరా కూడా ఇంతే, ఓ పట్టాన వదలదు. కిందటి మాఘమాసంలో నూట పన్నెండు వేలిముద్రలు ఒక దొంతరగా ఆమె బల్ల మీదికి వచ్చాయి, పైనంతా ఖాళీ, అడుగున వేలు. ఐసు పెట్టెలు ఇస్తారు, పేర్లు రాసుకుంటున్నాం అని చెప్పి వేయించుకు రమ్మన్నాడు ఉమాశంకర్. అప్పలసూరి ఆ మాట నమ్మి పేటంతా తిరిగి వేయించుకొచ్చాడు. ఆ ఖాళీ నింపడం యమున పని. "అన్నీ ఒకేలా ఉండకూడదు యమునగారూ. ఒక్కొక్కళ్ళ నోట్లోంచి ఊడిపడ్డట్టుండాలి. ఇది మీరైతేనే చెయ్యగలరు" అన్నాడు పట్టిక చేతికిస్తూ. పేరు, వయసు, ఏమనాలి, మూడు గడుల పట్టిక. ఆ పొగడ్తకి ఆమె పొంగిపోయింది. సిగ్గులేకుండా పొంగిపోయింది, దానికి ఇంకో మాట లేదు. ఎమ్మే తెలుగు చదివి ఎనిమిదేళ్ళుగా ఎవరెవరి నివేదికలో టైపు చేసుకుంటున్న మనిషికి నూట పన్నెండు గొంతులు ఇచ్చి మాట్లాడించమన్నారు. రెండు వారాలు వంటింట్లో కూడా అదే ధ్యాస, ముసలాయన ఇలా నసుగుతాడు, కొత్త కోడలు ఇక్కడ ఆగిపోతుంది, అని. మాట నిజమనిపించాలంటే మనిషికి ఒంట్లో ఎక్కడో ఒక నొప్పి ఉండాలని ఆమెకి తోచింది. ఒకరికి నడుం, ఒకరికి పన్ను, ఒకరికి కళ్ళ మసక, అలా నూట పన్నెండు మందికీ పంచిపెట్టింది, తన సొమ్మేం పోయింది. పేట ఒక్కసారి చూసొద్దామని మాత్రం తోచలేదు. ఉమాశంకర్ ఫోనులో తీసిన వీడియో చాలింది. రోడ్డు చివర కారాపి కారులోంచే తీశాడు, ఎడమ పక్క దిబ్బ, కుడి పక్క ఏరు సముద్రంలో కలిసే మొగ, మధ్య ఇసుక, వెనక ఏసీ చప్పుడు. అదే యమునకి తెలిసిన గుల్లపేట.

రూలు ప్రకారం ఎవరి వాంగ్మూలం నకలు వాళ్ళకి పోస్టులో వెళ్ళింది. అబద్ధం ఆడినా రూలు తప్పరు వీళ్ళు. ఒక ఉదయం దానమ్మ గంప దించి, నెత్తళ్ళు పోస్తూ పోస్తూ రవికెలోంచి మడతపెట్టిన కాగితం తీసింది. దానమ్మ ఆరేళ్ళుగా ఆ వీధికి చేపలు తెస్తోంది. యమున ఏదో ఆఫీసులో పని చేస్తుందని తెలుసు గాని ఏ ఆఫీసో తెలియదు, అడగలేదు కూడా. "అమ్మా, ఇదేటో సదివి పెట్టు. మా అక్క కొడుకు సూరిగాడు సదూతాడు గాని ఆడితో నాను మాటాడను. ఐసు పెట్టెలంటాడు, తెల్లకాయితం మీద ఏలిముద్దరలు ఏయించేడు, పెట్టెలు నేవు ఏటీ నేవు." యమున మడత విప్పింది. నలభై ఏడో నంబరు. ఆ వాక్యాలు తనవి, కామాతో సహా గుర్తున్నాయి. చదవక తప్పలేదు, తన గొంతుతో తనే చదివింది. నా పేరు దానమ్మ. మా పేటకు ఎడమచేతి వైపు దిబ్బ, కుడిచేతి వైపు ఏటిమొగ ఉన్నాయి. నడుమ ఉన్న ఇసుక నేల ఎవరికీ పనికిరాక ఖాళీగా పడి ఉన్నది. మోకాళ్ళ నొప్పుల చేత నేను నడవలేను. రేవు వస్తే రోడ్డు పడుతుందని సంతోషిస్తున్నాను. దానమ్మ చేపల మీద చెయ్యి ఉంచి చివరిదాకా వింది. ఆ బొటనవేలి మీద గీతలు లేవు, పొలుసు తీసి తీసి అరిగిపోయింది, ఆ వేలి ముద్రే ఈ కాగితం అడుగున మచ్చలా పడింది.

"ఇది నాను సెప్పిన మాట కాదు" అంది దానమ్మ. కోపంగా కూడా అనలేదు, ఈ చేప నిన్నటిది అన్నట్టు అంది. "మోకాళ్ళు నొప్పేటి, గంపెత్తుకోని మీ ఈదులన్నీ తిరుగుతన్నాను గదా. దిబ్బ ఎడంసేతి పక్కనంట. మాకు దిబ్బ కుడిసేతి పక్క. మగోళ్ళు ఏట నించి ఇంటికొస్తంటే దిబ్బ కుడిసెయ్యి, మొగ ఎడంసెయ్యి, రొండిటి మద్దిన తెప్ప ఏయాల. ఆడోళ్ళమైనా అలగే సెప్తాం, మాటలొచ్చిన గుంట కూడా అలగే సెప్తాది. కాళీ నేలంట. వలలెక్కడారేస్తాం, సేపలెక్కడెండేస్తాం, సచ్చినోల్ని ఎక్కడ పెడతాం." కాసేపు కాగితంకేసి చూసింది, అక్షరాలు రాని మనిషి, అక్షరాలనే చూసింది. "ఎవులు రాసినారో గాని, ఆడు సంద్రం సూడనేదు" అంది. తూకం మీద నాలుగు నెత్తళ్ళు ఎక్కువే వేసి, కాగితం చదివి పెట్టినందుకు, గంపెత్తుకుని వెళ్ళిపోయింది. ఈ తిరుమలరావుకి హైదరాబాదులో బోర్డు ఉంది, పేరు వెనక మూడు డిగ్రీలు ఉన్నాయి. దానమ్మకి గుమ్మంలో కూర్చుని ఒక్కసారి వింటే చాలింది. పట్టుకోవలసిన వాడు ఎదురుగానే ఉన్నాడన్నది ఒక్కటే ఆమెకి తెలియలేదు.

ఆ నాలుగు నెత్తళ్ళూ యమున వండలేదు. ఆఫీసుకి సెలవు పెట్టి ఉత్తరం రాయడానికి కూర్చుంది. ఒక్కసారైనా దానమ్మ చెప్పింది చెప్పినట్టు రాయాలని, దిబ్బని దాని చోట పెట్టాలని. దొరకకూడదని కూడా, ఆ సంగతి దాచుకోవడం దేనికి. తనలా కనబడేదల్లా ఏరి పారేసింది. మొదటి వాక్యం వాన గురించి వచ్చింది, కొట్టేసింది. అది నాన్న జబ్బు. రాజాం దగ్గర పల్లెలో వరి పండించుకునే జగన్నాధం, పెళ్ళిపిలుపు ఉత్తరమైనా, చావుకబురైనా, మా వైపు వర్షాలు అని మొదలుపెట్టనిదే కలం కదలని మనిషి. యమునకి తొమ్మిదేళ్ళప్పుడు కాలవ తలుపులు తిప్పే లస్కరు మీద ఆకాశరామన్న ఉత్తరం రాశాడాయన. పెద్దాఫీసరు జీపులో వచ్చి ఊరందరినీ బడి అరుగు దగ్గర నిలబెట్టి ఆ ఉత్తరం పైకి చదివించాడు. మా వైపు వర్షాలు, అని మొదలైంది. ఊరంతటికీ తెలిసిపోయింది, ఎవరూ నోరు విప్పలేదు. నాన్న తన కాళ్ళకేసి చూసుకున్నాడు. లస్కరుతో అంతకుముందు గొడవపడ్డాడు కదా అని ఆఫీసరు నింద దాలయ్య మీద వేశాడు. ఆ ఏడు దాలయ్య మడికి నీళ్ళు రాలేదు. పక్కమడి నాన్నది, పచ్చగా ఉండేది. దాలయ్య గట్టు మీద ఎదురైతే నాన్న తలపాగా సర్దుకుంటూ పక్కకి చూసేవాడు, చిన్నపిల్ల అయినా ఆమెకి అర్థమయ్యేది, నాన్న వేలు విదిలించుకుని ముందుకి పరిగెత్తేది. ఆ కోపం పాతికేళ్ళయినా చల్లారలేదు. ఇప్పుడు ఆ గట్టు మీద తనే ఉంది, పక్కమడిలో అప్పలసూరి ఉన్నాడు.

జాగ్రత్తలు కూడా ఎన్ని. నౌపడ వెళ్ళి అక్కడి పోస్టు డబ్బాలో వేద్దామనుకుంది, ఉప్పుమళ్ళ వైపు తెలిసినవాళ్ళున్నారని మానుకుంది. బస్సెక్కి సాలూరు దాకా పోయింది. లారీలు తప్ప మరేం కనబడని ఊళ్ళో, గ్రీజు మరకల రోడ్డు పక్కన, తలనిండా కొంగు కప్పుకుని డబ్బాలో వేసి అదే బస్సులో వచ్చేసింది, ఎంత తెలివైనదాన్నో అనుకుంటూ. అప్పలసూరి బావ సాలూరులో లారీ డ్రైవరట. నిన్న ఆ నివేదిక టైపు చేస్తుంటే ఆ వాక్యం వచ్చింది, పోస్టు ముద్ర కూడా అనుమానాన్ని బలపరుస్తున్నది, అని. బలపరుస్తున్నది అన్న మాటలో తప్పుంటే దిద్దింది. తన మొహం చెరుపుకున్న చోటల్లా వాడి మొహం తేలింది. దిబ్బ దగ్గర వాడే, సాలూరు దగ్గర వాడే, కోపం దగ్గర మగవాడే. ఫ్యాను ఒక్కొక్క రెక్కా కిర్రుమంటూ తిరుగుతోంది, గోడ గడియారంలో అరగంట అయిపోయింది, ఆమె కాగితం మీద పేరు తప్ప ఏమీ లేదు.

తిరుమలరావు చేతులు వెనక్కి కట్టుకుని బల్లల మధ్య తిరుగుతూ వచ్చి ఆగాడు. అప్పలసూరి కాగితం మీదికి వంగి చూశాడు, చూసి పెదవి బిగించి తల పంకించాడు, దొరికాడన్నట్టు. గుమ్మంలో కుర్చీ వేసుకున్న ఉమాశంకర్‌కి కళ్ళతో చెప్పాడు. తర్వాత యమున వైపు తిరిగి, "ఇంకా మొదలెట్టలేదేమ్మా, మీకెందుకు కంగారు. మీ మీద మాకెవరికీ ఏ అనుమానమూ లేదు. ఏదో నాలుగు ముక్కలు రాసెయ్యండి" అన్నాడు మెల్లగా, దయగా. ఆ దయకి ఒళ్ళు భగ్గుమంది. అనుమానించడానికి కూడా పనికిరాదు తను. ఆడవాళ్ళ రాతలో ఇంత కోపం ఉండదట, ఎవరు చెప్పారు ఈయనకి, ఎవరి రాతలు చదివాడు. నూట పన్నెండు వాంగ్మూలాల ఫైలు ఈయన చంకలోనే ఉంది, పోల్చి చూడమని ఉమాశంకరే ఇచ్చాడు. నూట పన్నెండు మందికి నూట పన్నెండు నొప్పులు, ఒక్క మనిషైనా ఆరోగ్యంగా లేని పేట ఎక్కడైనా ఉంటుందా అని ఈ పెద్దమనిషికి తోచలేదా. కనబడకపోతే నిపుణుడు కాదు, కనబడీ ఊరుకుంటే మనిషి కాడు. ఒక్క నిజం పేజీ రాసిన వాణ్ణి పట్టుకోవడానికి హైదరాబాదు నుంచి రైలు టిక్కెట్టు కొన్నారు. నూట పన్నెండు అబద్ధం పేజీలు ఎవరు రాశారని కాలు కదిపిన వాడు లేడు. ఉత్తరం ఆమెకి కంఠతా వచ్చు, అక్షరం అక్షరం కళ్ళ ముందు నడిచింది, చివరికొచ్చేసరికి ఉలిక్కిపడింది. ఇది రాస్తుంటే నా కుడిచెయ్యి భుజం దాకా లాగుతోంది, అని ఉంది అక్కడ. వాననైతే కొట్టేసింది గాని నొప్పిని మరిచిపోయింది. నూట పదమూడో నొప్పి, అది తనది. ఈ మహానుభావుడు దిబ్బ దగ్గరే ఆగిపోయాడు.

అప్పుడు కలం అందుకుంది. ఈ ఏడు ఆషాఢంలో మా వైపు వర్షాలు సరిగా లేవు, అని మొదలుపెట్టింది. పెట్టాక గుండె తేలికపడుతుందనుకుంది, పడలేదు, కోపం ఇంకా పెరిగింది. గుల్లపేట తీరం గురించి నాకు తెలిసింది రాయమన్నారు. నాకేమీ తెలియదు. నేను గుల్లపేట ఎన్నడూ చూడలేదు. పత్రికలో వచ్చిన ఉత్తరం నేను రాశాను. పట్టిక నకలు తీసింది నేను, సాలూరులో పోస్టు చేసింది నేను. దిబ్బ కుడిచేతి వైపు ఉంటుందని నాకు చెప్పింది ఆ పేట మనిషి, ఆమె పేరు రాయను. మీ ఫైలులో ఉన్న నూట పన్నెండు వాంగ్మూలాలు కూడా నేనే రాశాను, ఖాళీ కాగితాల మీద, మేనేజరుగారు ఇచ్చిన పట్టిక చూసి. అందులో ఒక్క మాట పేటవాళ్ళది కాదు. నిపుణులు కనుక పోల్చి చూడండి. ప్రతి వాంగ్మూలంలోనూ మనిషికి ఒక నొప్పి ఉంటుంది, ఉత్తరంలోనూ ఉంది. ఆ నడక నాది. దొంగ అని ఒక్కళ్ళ పేరు రాయాలంటే చుక్కల మీద నా పేరు రాయండి, కాని రెండు నేరాలూ కలిపి రాయండి, ఒకటి రాసి ఒకటి వదలడానికి వీల్లేదు. సంతకం పెట్టి పక్కన పూర్తి పేరు రాసింది, ఇంటిపేరుతో సహా. కార్బన్ కింద అంతా నీలంగా దిగిందో లేదో ఎత్తి చూసుకుంది. గుమ్మంలో ఉమాశంకర్ ఎవరితోనో ఫోనులో నవ్వుతున్నాడు, ఆయన ఫోను బేసిన్‌లో వేయలేదు.

టైమయింది, సాక్షి సంతకాలు, అన్నాడు తిరుమలరావు అవతలి బల్ల దగ్గర వినోద్ కాగితం అందుకుంటూ. అప్పలసూరి తన కాగితం ఆమె వైపు జరిపి ఆమెది లాక్కున్నాడు. వాడి పేజీలో ఏ వేళకి ఏ నీరు ఎక్కుతుందో, దిబ్బ మీద ఎవరి తాత దీపం పెట్టేవాడో ఉంది, ఎవరికీ ఏ నొప్పీ లేదు. ఆమె సంతకం పెట్టింది. వాడు పెదాలు కదుపుతూ చదువుతున్నాడు, వాన దగ్గర చిన్నగా నవ్వాడు, తర్వాత పెదాలు ఆగిపోయాయి. మళ్ళీ మొదటికి వెళ్ళి చదివాడు.

"సిన్నమ్మది కూడానా" అన్నాడు, తల ఎత్తకుండా.

"నలభై ఏడోది."

"మా యమ్మది."

గున్నమ్మ, అరవై ఏళ్ళు, పన్నెండో నంబరు. ఆమెకి ఏ నొప్పి ఇచ్చిందో యమునకి గుర్తుంది, గుర్తులేదని చెప్పొచ్చు కూడా. "కళ్ళు మసకలని రాశాను" అంది.

"మా యమ్మకి కళ్ళు బాగానే కనపడతాయి" అన్నాడు వాడు. తిట్టినా బాగుండేది, కొట్టినా బాగుండేదని ఆమెకి అనిపించింది. వాడు కాగితం రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు, చింపేస్తాడనుకుంది. చింపలేదు. సాక్షి అన్న చోట సంతకం పెట్టి, దాని కింద, అడుగు కాగితం దాకా దిగేలా నొక్కి రాశాడు. ఖాళీ కాయితముల మీద వేలిముద్రలు వేయించింది నేను. ఐసు పెట్టెలు అని చెప్పి వేయించాను. మళ్ళీ సంతకం పెట్టాడు. అప్పటినుంచి అక్కా అనడం మానేశాడు.

తిరుమలరావు వచ్చి పై కాగితాలు రెండూ తీసుకున్నాడు, చదవకుండానే ఫైలులో పెట్టుకుని, కింది కాగితాలు రెండూ పద్ధతి ప్రకారం వాళ్ళ ముందే ఉంచి, పద్మకుమారి బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఇంకో పది నిమిషాల్లో పైన ఏసీ గదిలో ఫైలు తెరుస్తారు. యమున తన నకలు నాలుగు మడతలు పెట్టి, చెయ్యి చాపింది. "ఇది పేటకి పట్టుకెళ్ళు సూరీ. మీ పిన్నికి ఇయ్యి."

"నానెందుకు పట్టుకెళ్తాను" అన్నాడు. "రాసింది నువ్వు, నువ్వొచ్చి సదువు. మా యమ్మ ముందర, సిన్నమ్మ ముందర, అందరి ముందరా సదువు. అప్పుడు ఆల్లు ఏటన్నా పడు."

"వస్తాను."

"ఎప్పుడు."

"ఇవాళే. ఇప్పుడే."

వాడు లేచి బేసిన్‌లోంచి తన ఫోను వెతికి తీసుకుని, ఆమె ఫోను కూడా తీసి బల్ల మీద పెట్టాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, వెనక్కి తిరిగి చూశాడు.

"తోవ తెలుసా" అన్నాడు.

నూట పన్నెండు సార్లు ఆ పేట గురించి రాసిన మనిషి, కాగితం పిడికిట్లో పట్టుకుని, తెలియదని తల ఊపింది.